‘షుగర్ మాత్రలు ఈరోజే మానేయండి’ అనే మెసేజ్‌కి నా జవాబు

ఆ మెసేజ్ ఈ నెలలో నాకు ఆరుసార్లు వచ్చింది. అయిదుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను. ఆరోసారి మా ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న పెట్టి, కింద మా అక్కకి ‘పాపకి ఇది మొదలుపెట్టమ్మా, సూదుల బాధ తప్పుతుంది’ అని రాశారు. పాప అంటే నా మేనకోడలు. పదకొండేళ్లు. టైప్ 1 షుగర్. ఇక ఊరుకోలేకపోయాను.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ: షుగర్ జబ్బే కాదు, మందుల కంపెనీల కుట్ర. మన తాతలకు అది లేదు. మాత్రలు, ఇన్సులిన్ కిడ్నీలను పాడుచేస్తాయి, ఈరోజే మానేయండి. సిరిధాన్యాలు కడుపునిండా తిని, ఆకుల కషాయం తాగితే 6 వారాల్లో షుగర్ మాయం. పొద్దున్నే రాగి చెంబులో నీళ్లు తాగండి.

రాగి చెంబులో నీళ్లు తాగాలనుంటే తాగండి. షుగర్‌కీ దానికీ సంబంధం లేదు.

తాతల మాట. మూత్రం తేనెలా ఉంటుందని గమనించి ‘మధుమేహం’ అన్నది మన పాత ఆయుర్వేద వైద్యులే, సుశ్రుత సంహితలోనే ఉంది. లేని జబ్బుకి పేరెందుకు పెడతారు?

కుట్ర మాటలో ఒక ముక్క నిజం ఉంది. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణులు పరగడుపు షుగర్ హద్దును 140 నుంచి 126కి దించారు. దాంతో చాలామంది కొత్తగా షుగర్ ఉన్నవాళ్ల లెక్కలోకి వచ్చారు. కంటి లోపలి పొర దెబ్బతినడం షుగర్ 140 చేరకముందే మొదలవుతోందని తేలడం దానికి ఒక కారణం. ఆ హద్దు గురించి ఎంతసేపైనా వాదించుకోండి. మా పాపను ఆసుపత్రిలో చేర్చిన రాత్రి షుగర్ 540. హద్దు ఎక్కడ పెడితే అది మామూలవుతుంది?

ఇప్పుడు అసలు విషం దగ్గరికి వద్దాం. ‘ఇన్సులిన్ ఈరోజే మానేయండి.’

టైప్ 1లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరమే నాశనం చేసుకుంటుంది. బయటి నుంచి ఇన్సులిన్ అందకపోతే శరీరం కొవ్వును కరిగించుకుంటూ పోతుంది, రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. వాంతులు, ఆయాసం, ఆపైన స్పృహ తప్పడం. దీనికి వారాలు అక్కర్లేదు, ఒకటి రెండు రోజులు చాలు.

ఉత్త తిండితో ఈ జబ్బును ఆపే ప్రయత్నం ఎవరూ చేయలేదనుకుంటున్నారా? చేశారు. ఇన్సులిన్ రాకముందు పిల్లల్ని దాదాపు పస్తులుంచడమే వైద్యం. ఎముకల గూళ్లయి, కొన్ని నెలలు ఎక్కువ బతికి, చనిపోయేవారు. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ సూది వేయించుకున్న లెనార్డ్ థాంప్సన్‌కి పద్నాలుగేళ్లు, బరువు 30 కిలోలు కూడా లేదు. ఆ సూదితో ఇంకో పదమూడేళ్లు బతికాడు. పెదనాన్నా, మీరు మానేయమంటున్నది దాన్నే. పాప మీద మీకున్న ప్రేమను నేను అనుమానించడం లేదు. కానీ అక్క ఒక్కరోజు మీ మాట విని ఉంటే?

కిడ్నీల సంగతి కూడా తిరగేసి రాశారు. కిడ్నీలను దెబ్బతీసేది ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి డాక్టర్లు మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రను తగ్గిస్తారు, ఆపేస్తారు. అది చూసి మాత్రే పాడుచేసిందనుకుంటున్నారు. పైగా మాత్ర ‘కెమికల్’, కషాయం ‘ప్రకృతి’ అట. మెట్‌ఫార్మిన్ మూలం కూడా గలీగా అనే ఒక మొక్కే. కషాయంలో మందు ఉంటే దాని మోతాదెంతో చెప్పండి.

సిరిధాన్యాలు నాకూ ఇష్టం, మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు కొర్రలే. పాలిష్ బియ్యం కన్నా పీచు ఎక్కువ, షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. కానీ 100 గ్రాముల కొర్రల్లో 60 గ్రాములు పిండిపదార్థమే. కడుపునిండా తింటే షుగర్ పెరుగుతుంది, గ్లూకోమీటర్ ఉన్నవాళ్లు రెండు గంటలాగి చూసుకోండి.

ఇక నేను ఒప్పుకోవలసిన పెద్ద సంగతి. టైప్ 2లో, అంటే పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే షుగర్‌లో, మందులు లేకుండా షుగర్ అదుపులోకి రావడం నిజంగా జరుగుతుంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం చేశారు, మొదటి ఏడాది ఫలితాలు 2017లో వచ్చాయి. 3 నుంచి 5 నెలలు రోజుకి దాదాపు 850 కేలరీలే ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ జబ్బు హద్దు కిందికి వచ్చింది, 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో 86 శాతం మందికి. అక్కడ మాత్రలు ఆపింది కూడా మొదటి రోజే.

కానీ వాళ్లెవరు? లావుగా ఉండి, షుగర్ బయటపడి 6 ఏళ్లు దాటనివాళ్లు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లని చేర్చుకోలేదు. పక్కన నర్సో, డైటీషియనో ఉండి చూసుకుంటూ, షుగర్ పెరిగితే మాత్ర తిరిగి మొదలుపెట్టారు. తగ్గించింది బరువు, ఏ గింజా కాదు. రెండో ఏడాదికి 46 కాస్తా 36 అయింది. అయినా ఇది చిన్న ఆశ కాదు. మా బావకి షుగర్ వచ్చి రెండేళ్లే, డాక్టర్‌ని అడిగి మాత్రలు తగ్గించుకుంటూ ఇప్పటికి 9 కిలోలు తగ్గాడు. ఇలాంటి దారి నిజంగా ఉన్నప్పుడు మెసేజ్ రాసినవాళ్లు ‘డాక్టర్‌ని అడగండి’ అన్న ఒక్క మాట ఎందుకు రాయలేదు? ఇన్సులిన్ మీద బతికే పిల్లల్ని ఎందుకు కలిపారు?

పెదనాన్నా, దయచేసి ఆ మెసేజ్ గ్రూపులోంచి తీసేయండి. మీరు ఇంకెవరికి పంపారో వాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇన్సులిన్ ఆపొద్దని చెప్పండి. ఈ సాయంత్రమే చేయండి.