సెప్టిక్ ట్యాంకు నిండలేదని సంబరపడకండి

"మా సెప్టిక్ ట్యాంకు కట్టి పన్నెండేళ్లయిందన్నా, ఒక్కసారి గూడ నిండలేదు." కడపలో ఏ కొత్త కాలనీకి పోయినా ఈ మాట వినిపిస్తుంది. వినగానే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లు అందులో పోసిందంతా ఎక్కడికి పోయినట్టు? భూమిలోకి, అక్కణ్నించి బోర్లలోకి!

కట్టేటప్పుడు చూడండి. గుంత తవ్వుతారు, సిమెంటు రింగులు దించుతారు, అడుగున కాంక్రీటు మాత్రం వేయరు. వేస్తే కొన్నేళ్లకోసారి బండిని పిలిపించి ఖాళీ చేయించాలి కదా, ఆ ఖర్చు ఎందుకని. ఆ మురుగులోని అమ్మోనియాను మట్టిలోని బ్యాక్టీరియా నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు మట్టికి అంటుకోదు, నీళ్లతో పాటే దిగిపోతుంది. మన ఊరికి మూడు వైపులా నల్లమల, పాలకొండలు, మధ్యలో బుగ్గవంక. మిట్టన ఉన్నవాళ్ల గుంతలో నీళ్లు పల్లంలో ఉన్నవాళ్ల బోరుకే చేరతాయి.

మురుగు ఇంకే గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలన్నది నిబంధన. రెండు సెంట్ల స్థలంలో అది ఎట్లా కుదురుతుంది? అయినా ఇంటింటికీ బోరు, ఇంటింటికీ గుంత.

తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. 2023లో దేశమంతటా తీసిన నమూనాల్లో దాదాపు 20 శాతం ఆ హద్దు దాటాయని కేంద్ర భూగర్భ జల మండలే చెప్పింది. యూరియా కూడా కారణమే, కాదనను. కానీ సెంటు పొలం లేని కాలనీలో యూరియా ఎవరు చల్లారు?

నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. ఆర్వో అమ్మేవాళ్లు గ్లాసులో ముంచి చూపించే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి కొలుస్తుంది, దీన్ని విడిగా చూపించదు. కాచితే పోతుందనుకుంటారు. పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆరు నెలల లోపు బిడ్డలకు ఇదే పెద్ద గండం: రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. బిడ్డకని మరీ మరీ కాచే తల్లికి ఈ సంగతి ఎవరు చెప్తున్నారు?

ఇంటి ప్లాన్‌కు అనుమతి ఇచ్చేవాళ్లు గుంత అడుగు కళ్లారా చూసి సంతకం పెట్టాలి. సిమెంటు రోడ్డు వేయకముందే డ్రైనేజీ పైపులు వేయాలి, వేశాక తవ్వడం కాదు. వార్డుల వారీగా బోర్ల నైట్రేటు లెక్కలు సచివాలయం గోడ మీద అంటించాలి.

ఇంట్లో డబ్బాపాలు తాగే పసిబిడ్డ ఉంటే మాత్రం ఇవేవీ జరిగేదాకా ఆగొద్దు. ఈ వారమే బోరు నీళ్లు ల్యాబుకు ఇచ్చి, నైట్రేటు టెస్టు అని ప్రత్యేకంగా అడగండి. రిపోర్టు వచ్చేదాకా ఆ నీళ్లతో పాలు కలపొద్దు.