మొదటి పాఠంలోనే ఉండిపోయే హక్కు

నేను ఫ్రెంచ్ నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఎంతవరకు వచ్చిందని అడిగినవాళ్లకి, బోఁజూర్ (నమస్కారం) దాకా వచ్చిందని ఉన్నమాటే చెబుతున్నాను. కొందరు నవ్వుతున్నారు, కొందరు జాలిపడుతున్నారు. ఒకాయనైతే పక్కకి పిలిచి, కుదరని సంబంధం గురించి మాట్లాడినట్టు గొంతు తగ్గించి, ఇంకేదైనా తేలిక భాష చూసుకోకూడదా అన్నాడు. వీళ్లందరికీ నేను వెనకబడ్డట్టు కనిపిస్తున్నాను. నేను నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఒకసారి రాతపూర్వకంగా చెప్పేస్తే అందరికీ మంచిది.

ముందు వేగం సంగతి తేల్చుకుందాం. ఫ్రాన్స్ రాజుగారి ముఖ్యమంత్రి కార్డినల్ రిషిల్యూ 1635లో ఫ్రెంచ్ అకాడమీని స్థాపించాడు. భాషకి నిఘంటువు, వ్యాకరణం తయారుచేయడం దానికి అప్పగించిన పని. సభ్యులు 40 మంది. వాళ్లని ‘అమరులు’ అంటారు, నేను పెట్టిన పేరు కాదు. ఆకుపచ్చ కుట్టుపని ఉన్న కోటు, నడుముకి కత్తి వాళ్ల యూనిఫాం. పుస్తకాలు రాసుకునేవాళ్లకి కత్తి దేనికా అని మొదట్లో అనుకునేవాణ్ని. క్రియారూపాల పట్టిక చూశాక మళ్లీ అనుకోలేదు.

ఈ అమరుల నిఘంటువు 1694లో వచ్చింది. వ్యాకరణం 1932లో వచ్చింది. మీరు సరిగ్గానే చదివారు, పని ఒప్పుకున్న 297 ఏళ్లకి వచ్చింది. వచ్చిన వెంటనే భాషావేత్తలు అందులో తప్పులు ఏరి ఉతికి ఆరేశారు. ఫ్రెంచ్‌లో పుట్టి, ఫ్రెంచ్‌లో పెరిగి, పైగా చావు లేని 40 మందికి దాదాపు మూడొందల ఏళ్లు పట్టిన వ్యాకరణాన్ని, మామూలుగా పోయే మనిషినైన నన్ను పన్నెండు వారాల్లో ముగించమంటోంది నేను చేరిన కోర్సు కరపత్రం. రోజుకి ఇరవై నిమిషాలు చాలట. వాళ్ల నిఘంటువు ఎనిమిదో కూర్పు 1935లో పూర్తయింది, తొమ్మిదోది 2024లో పూర్తయింది. మధ్యలో 89 ఏళ్లు. ఆ గడియారం పెట్టుకుని చూస్తే నాలుగేళ్లలో బోఁజూర్ చేరిన నేను తొందరపాటు మనిషిని.

ఇక రాత. తెలుగువాడికి అక్షరం మీద అమాయకమైన నమ్మకం ఉంటుంది. కనిపించిందంటే పలుకుతుందని అనుకుంటాడు. ఫ్రెంచ్‌లో కనపడటం వేరు, వినపడటం వేరు. పక్షులు అనడానికి వాళ్లు ఏడక్షరాలు రాస్తారు: ఓ, ఐ, ఎస్, ఈ, ఏ, యూ, ఎక్స్. పలికేది మాత్రం ‘వాజో’. ఏడుగురిలో ఒక్కరూ తమ సొంత గొంతుతో మాట్లాడరు. నీళ్లకి ఈ, ఏ, యూ అని మూడక్షరాలు. మూడూ కలిసి ‘ఓ’ అంటాయి. ఆ మూడింట్లో ఓ లేదు, గమనించారా? ‘వాళ్లు మాట్లాడతారు’ అనాలంటే క్రియ చివర ఈ, ఎన్, టీ చేరతాయి. చేరి, అంతే. హాజరు పట్టీలో సంతకం పెట్టి కూర్చుంటాయి.

వీటిలో చాలా అక్షరాలు ఒకప్పుడు నిజంగానే పలికేవి. నోరు వాటిని వదిలేసింది, కలం వదల్లేదు. ఇంకొన్నింటిని లాటిన్ తాతల గౌరవార్థం పండితులు తర్వాతెప్పుడో తెచ్చి కూర్చోబెట్టారు. ఇరవైకి వాడే ‘వాఁ’ స్పెల్లింగులో జీ ఉంది. అది అలా వచ్చిందే, ఫొటోకి దండ వేసినట్టు. 1990లో సుమారు రెండువేల మాటల స్పెల్లింగు సవరించి అధికారిక గెజిట్‌లో అచ్చేశారు. ఉల్లిపాయ మాటలోంచి ఒక ఐ తీసేయవచ్చన్నారు. పాత స్పెల్లింగూ తప్పు కాదన్నారు. దేశంలో సగం మంది ఇప్పటికీ ఆ ఐ కోసం బాధపడుతుంటారేమో తెలియదు గానీ, నాకు మాత్రం జీవితంలో మొదటిసారి నా తప్పుకి గెజిట్ సాక్ష్యం దొరికింది.

అయితే మకుటం పెట్టాల్సింది హెచ్‌కి. ఫ్రెంచ్‌లో హెచ్ రెండు రకాలు. మొదటిది మూగ హెచ్. రెండోదానికి ‘ఊపిరి హెచ్’ అని పేరు. అదీ పలకదు. మరి తేడా ఏమిటంటే, మూగ హెచ్ ముందున్న మాటని తనతో కలవనిస్తుంది, ఊపిరి హెచ్ దగ్గరికి రానివ్వదు. ఇదేం పిచ్చి అని నేనూ విసుక్కున్నాను. తర్వాత తెలిసింది. వీరులు అనాలంటే ‘లే ఎరో’ అనాలి. అక్కడున్న హెచ్ ఏమరుపాటున ముందు మాటని కలవనిచ్చిందా, ‘లే జెరో’ అవుతుంది. అంటే సున్నాలు. ఒక దేశపు వీరులకీ సున్నాలకీ మధ్య నిలబడి ఉన్నది నోరు తెరవని ఒక అక్షరం.

అంకెల దగ్గర కాస్త ఆగాలి. అరవై దాకా ఫ్రెంచ్ లెక్క మనుషుల లెక్కలాగే నడుస్తుంది. ఆ తర్వాత ఏదో జరుగుతుంది. 70 అంటే ‘అరవై-పది’. 80 అంటే ‘నాలుగు ఇరవైలు’. 99 అంటే ‘నాలుగు-ఇరవై-పది-తొమ్మిది’. బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు 70కి సెప్తాంత్, 90కి నొనాంత్ అని హాయిగా ఒక్కో మాట పెట్టుకున్నారు. ఆ మాటలు సరిహద్దు దాకా వచ్చి ఆగిపోయాయి. ఫ్రాన్స్‌కి ఇరవైల మీద మమకారం ఇవాళ్టిది కాదు. తొమ్మిదో లూయీ 13వ శతాబ్దంలో పారిస్‌లో 300 మంది అంధులకి ఆశ్రయం కట్టిస్తే, దాని పేరు ‘పదిహేను ఇరవైలు’ అయింది. అదే పేరుతో ఇప్పుడక్కడ కంటి ఆసుపత్రి ఉంది. ఫ్రెంచ్ అంకెలు వినేవాళ్ల కోసం పక్కనే ఒక చెవుల వార్డు కూడా తెరిస్తే బాగుంటుందని నా మనవి.

ఎందుకంటే ఫ్రాన్స్‌లో ఫోన్ నంబరుకి పది అంకెలు, అవి జంటలు జంటలుగా చెబుతారు. ఒకావిడ నాకు తన నంబరు చెప్పింది. సున్నా ఆరు అంది, రాసుకున్నాను. ‘స్వసాంత్’ అంది. 60 వేశాను. ఊపిరి తీసుకోకుండా ‘దీజ్విత్’ అంది. అది 18. అంటే ఆవిడ ఉద్దేశం 78. 6018 కొట్టేసి 78 రాయబోతుంటే ‘కాత్ర్’ వినిపించింది, 4 వేశాను. ‘వాఁ’ అంది, 20 వేశాను. ‘కటోర్జ్’ అంది, 14. ఇదంతా కలిపితే 94 అట. ఆవిడ చెప్పడం పూర్తయ్యేసరికి నా కాగితం మీద అంకెలు పదిహేడు తేలాయి. కూడికలు మొదలుపెట్టేలోపు చెయ్యి ఊపి వెళ్లిపోయింది. ఫోన్ చేసి మళ్లీ చెప్పమందామంటే నంబరు లేదు.

లింగం గురించి ఇప్పటికే లోకమంతా ఏడ్చింది కాబట్టి క్లుప్తంగా ఏడుస్తాను. బల్ల ఆడది. గడ్డం ఆడది, మీసమూ ఆడదే. ఫెమినిజం పుంలింగం, మగతనం స్త్రీలింగం. కాపలా సిపాయిని సూచించే ‘సాఁతినెల్’ స్త్రీలింగం, అతనికెంత మీసమున్నా సరే. మీసం కూడా స్త్రీలింగమే కాబట్టి అక్కడ కనీసం ఒక పొంతన ఉంది. ప్రేమకి వాడే ‘అమూర్’ ఏకవచనంలో పుంలింగం, కావ్య భాషలో బహువచనమైతే స్త్రీలింగం. ఒకటి ఉన్నంతసేపు ఒక రకం, రెండోది మొదలవగానే ఇంకో రకం. దీని మీద నేనేమీ వ్యాఖ్యానించను, ఈ వ్యాసం ఇంట్లోవాళ్లు కూడా చదువుతారు. కోవిడ్ వచ్చినప్పుడు అది ఆడో మగో తేల్చడానికి అకాడమీకి 2020 మే దాకా పట్టింది. స్త్రీలింగమని తీర్పిచ్చింది. అప్పటికే జనం దాన్ని పుంలింగంలో తిట్టడానికి అలవాటుపడిపోయారు.

మనం మరీ నవ్వడానికీ లేదు. ఆమె వచ్చింది అంటాం, బస్సు వచ్చింది అంటాం, తలనొప్పి వచ్చింది అంటాం. మనిషికీ బస్సుకీ ఒకే క్రియ పంచిపెట్టిన భాషవాళ్లం మనం. వాళ్లు కనీసం బల్లకి హోదా పెంచారు.

నువ్వు, మీరు తేడా దగ్గర మాత్రం మనకి ట్యూషన్ అక్కర్లేదు. 2018 జూన్‌లో ఒక కుర్రాడు అధ్యక్షుడు మాక్రోఁని ముద్దుపేరుతో ఏంటి సంగతులు అన్నట్టు పలకరిస్తే, ఆయన అక్కడికక్కడే ఆగి, నన్ను అధ్యక్షా అని పిలవాలని పాఠం చెప్పాడు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. మనకి మన మేనమామ గుర్తొచ్చాడు.

నన్ను అసలు కుంగదీసింది వేరే. తెలియని వస్తువు కనిపిస్తే మనం ‘ఇదేంటి?’ అంటాం. మూడక్షరాల్లో పని అయిపోతుంది. ఫ్రెంచ్‌వాడు ‘కెస్క సే క సా?’ అంటాడు. దాన్ని విప్పి చూస్తే ‘ఏమి అయినది అది, ఏది అది అయినదో, ఆ అది?’ అన్నట్టు తేలుతుంది. రాస్తే 19 అక్షరాలు. పులి కనిపించినప్పుడు ఈ ప్రశ్న అడగకూడదు. పూర్తయ్యేలోపు జవాబు మీద పడుతుంది.

దీన్నీ మింగాను. మింగి, కాదు అని చెప్పడం నేర్చుకున్నాను. క్రియకి ముందు ‘న’, వెనక ‘పా’, రెండు వైపులా ఇటుకలు పేర్చినట్టు పెట్టాలి. ఆ ‘న’ మరిచిపోయిన ప్రతిసారీ మా మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఏడాది పట్టింది నాకది పట్టుబడటానికి. ఆ తర్వాత మొదటిసారి ఇద్దరు ఫ్రెంచ్‌వాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. ‘నాకు తెలియదు’ అనడానికి వాళ్లు ‘షే పా’ అంటున్నారు. ‘న’ లేదు. మామూలు మాటల్లో వాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. నా ఏడాది అలా పోయింది. పోనీ, వాళ్లలాగే నేనూ వదిలేద్దామంటే ఇంకో గుంట ఉంది. ‘ప్లూస్’ అంటే ఇంకా కావాలి, ‘ప్లూ’ అంటే ఇక వద్దు. రెండింటికీ స్పెల్లింగు ఒకటే. చివర ఎస్ పలికితే వడ్డిస్తారు, పలక్కపోతే పళ్లెం తీసేస్తారు. అక్షరాలు పలక్కూడదని అప్పటిదాకా కష్టపడి నేర్చుకున్నవాడు సహజంగానే ఆకలితో లేస్తాడు.

ఈ స్థితిలో, ఓ రాత్రి దిగులుగా కూర్చుని, ఐరోపా మండలి 2001లో ప్రచురించిన భాషా స్థాయిల పత్రం తిరగేశాను. అందులో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. అన్నిటికంటే కింది మెట్టు ఏ1 దగ్గర ఒక షరతు చూసి నిటారుగా కూర్చున్నాను. ఆ స్థాయివాడు మాట్లాడగలడట, ఎప్పుడంటే, అవతలి మనిషి నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడుతూ, సాయం చేయడానికి సిద్ధంగా ఉంటే. మళ్లీ చదవండి. పెళ్లిలోగానీ ఉద్యోగంలోగానీ మీకు ఇలాంటి షరతు ఎవరైనా రాసిచ్చారా? పై మెట్లు ఎక్కేకొద్దీ ఈ సౌకర్యాలు ఒక్కొక్కటే ఊడిపోతాయి. బీ2 వాణ్ని ఎవరూ ఆదుకోరు, వాడితో వాదిస్తారు. సీ1 వాడు గుసగుసలూ ఎత్తిపొడుపులూ కూడా అర్థం చేసుకోవాలి. నాకా ఖర్మ ఏమిటి? బోఁజూర్ అనగానే నా ముందున్న ఫ్రెంచ్‌వాడు నవ్వుతాడు, మాట నెమ్మది చేస్తాడు, చేతులతో చూపిస్తాడు. రెండో వాక్యం మొదలుపెట్టినవాడికి ఆ నవ్వు మళ్లీ దొరకదు. పైగా ఈ ఏ1 స్థాయికిచ్చే డెల్ఫ్ పట్టా జీవితాంతం చెల్లుతుంది. అంటే పుట్టు ప్రారంభకుడిగానే కాక పట్టా పుచ్చుకున్న ప్రారంభకుడిగా కూడా పోవచ్చు.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. అకాడమీలో 40 కుర్చీలున్నాయి. చోటు దొరకని మహానుభావుల గురించి చెప్పుకోవడానికి ‘41వ కుర్చీ’ అనే మాట కూడా ఫ్రెంచ్‌లో ఉంది. ఫ్రెంచ్‌ని అందరూ నాటకకర్త మోలియేర్ పేరు మీద మోలియేర్ భాష అంటారు, ఆ మోలియేర్‌కే లోపల కుర్చీ దొరకలేదు. కాబట్టి రాకపోవడం అర్హతకి అడ్డు కాదు. ఆ 41వ కుర్చీలో ఒక శాశ్వత ప్రారంభకుణ్ని కూర్చోబెట్టాలని కోరుతున్నాను. పని పెద్దగా ఉండదు. పదో కూర్పు రాసేటప్పుడు ప్రతి పేజీలోనూ చెయ్యెత్తి ‘ఎందుకు?’ అని అడగడమే. కత్తి ఇవ్వకపోయినా పరవాలేదు.

దరఖాస్తు ఫ్రెంచ్‌లోనే పెట్టాలి కదా, మొదలుపెట్టాను. ఫ్రెంచ్ ఉత్తరం చివర ఒక మర్యాద వాక్యం తప్పనిసరి. ‘అయ్యా, నా విశిష్ట భావాల వ్యక్తీకరణని దయచేసి స్వీకరించవలసింది’ అనే అర్థంలో ఉంటుంది. అది ఎక్కడినుంచో తెచ్చి కింద అతికించేశాను. పైన ‘మస్యో’ అని సంబోధన కూడా రాశాను, పలకని ఎన్‌నీ ఆర్‌నీ మరిచిపోకుండా. మధ్యలో విషయం ఒక్కటే మిగిలింది. అది రెండో పాఠంలో వస్తుందంటున్నారు.