దెబ్బ తగిలిన ఉడత నోట్లో నీళ్ళు పొయ్యకండి, దయచేసి

పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. రోడ్డు పక్కన దెబ్బ తగిలి పడున్న ఉడత కనిపిస్తే మన కోనసీమలో ఎవరైనా సరే చేసే మొదటి పని నోట్లో నీళ్ళు పొయ్యడం. బండాపి, బాటిల్ మూత తీసి, వేలితో నోరు తెరిచి మరీ పోస్తారు. చెడ్డవాళ్ళేం కాదు, చెడ్డవాళ్ళైతే బండే ఆపరు. జాలితోనే పోస్తారు. కానీ చక్రం కింద నుంచి ఎలాగో బతికి బయటపడ్డ ఉడత ఆ నీళ్ళ వల్ల కళ్ళ ముందే గిలగిల్లాడిపోవడం చూశాక ఊరుకోబుద్ధి కావట్లేదు, అందుకే రాస్తున్నా.

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో మనందరికీ తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళు ఆఖరి ఘడియల్లో ఉంటే తులసి తీర్థం పోస్తాం, గొంతు తడపకుండా పంపించేశామంటే ఆ బాధ ఏళ్ళ తరబడి పోదు. అది పోయేవాళ్ళకి చేసే పని. ఇంకా బతికే అవకాశం ఉన్న జీవికి కూడా అదే చేసేస్తే ఎలాగండీ? స్పృహలో లేని ఉడత మింగలేదు. పోసిన నీళ్ళు పొట్టలోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెద్ద ఉడత మొత్తం బరువే వంద గ్రాముల చుట్టూ ఉంటది, దాని ఊపిరితిత్తులు ఏపాటి ఉంటాయో ఆలోచించండి, బాటిల్ మూతెడు నీళ్ళు చాలు అది ఒడ్డు మీదే మునిగిపోడానికి.

మొన్న సార్వా కోతలప్పుడు అంబాజీపేట దాటాక కాలవ గట్టు రోడ్డు మీద జరిగింది చెప్తా. రోడ్డు సగం దాకా ధాన్యం ఆరబోసుంది, మంచు విడిచి ఎండ అప్పుడప్పుడే వస్తోంది. ఆ గింజల కోసం ఉడతలు పక్క కొబ్బరి తోటలోంచి దిగొస్తాయి, మిగిలిన సగం రోడ్డులో బండ్లన్నీ ఇరుక్కుని వెళ్ళాలి, ఇంక దెబ్బలు తగలక ఏమవుద్ది. నేను వెళ్ళేసరికి నలుగురు మూగేసి ఉన్నారు, ఒకాయన అప్పటికే బాటిల్ తీశాడు. "బాబాయ్ గారూ ఆగండాగండి, నీళ్ళొద్దు" అన్నా. "అయ్యో నోరెండిపోతందమ్మా, చూత్తా ఎలా ఊరుకుంటాం" అన్నాడాయన. దానికి తెలివి లేదండీ, మింగలేదు, లోపలికి పోతే ఊపిరాడదు అని చెప్తే వెంటనే మూత పెట్టేశాడు, పైగా భుజమ్మీద తువ్వాలు తీసి నా చేతికిచ్చాడు. మనవాళ్ళు చెప్తే వింటారండీ. చెప్పేవాళ్ళే లేరు.

ఉడత పక్కకి వాలి పడుంది. ఒక కన్ను సగం మూసుకుపోయింది, ముక్కు చివర రక్తపు చుక్క ఎండి నల్లబడింది, డొక్కలు లెక్కపెట్టలేనంత వేగంగా ఎగురుతున్నాయి, ముందు కాలి గోళ్ళకి వడ్లపొట్టు ఇంకా అంటుకునే ఉంది. ఒట్టి చేత్తో ముట్టుకోలేదు, ఎందుకంటే భయపడ్డ ఉడత కొరికితే ఆ పళ్ళు వేలి ఎముక దాకా దిగుతాయి. తువ్వాలు మీద కప్పి, తువ్వాలుతో సహా ఎత్తి, కిళ్ళీ కొట్టువాళ్ళు ఇచ్చిన బిస్కెట్ల అట్టపెట్టెలో పెట్టి చిల్లులు పెట్టాం. టీ కొట్టులో వేడినీళ్ళు బాటిల్లో పట్టించి గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కకే పెట్టా, రెండో పక్క ఖాళీ ఉంచాలి, వేడెక్కువైతే అది అటు జరగడానికి. అది చలికాలం పొద్దున కాబట్టి బాటిల్, అదే మే నెల ఎండలో అయితే బాటిల్ గీటిల్ ఏమీ వద్దు, నీడ చాలు. మూత వేశాక ఇంక తియ్యలేదు. ఒక కుర్రాడు "ఒక్క వీడియో అక్కా" అన్నాడు, వాడికీ తియ్యలేదు. షాక్ లో ఉన్న జీవికి మన మొహాలు, మన మాటలు, ఆ ఫోన్ లైటు, అన్నీ గండమే. మనల్ని అది కాపాడేవాళ్ళు అనుకోదు, తినేవాళ్ళు అనుకుంటది. వెచ్చగా, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచడమే మొదటి వైద్యం, తిండీ నీళ్ళూ ఆ తర్వాత, అవి కూడా డాక్టర్ని అడిగాకే.

ఇంక అసలు మంట ఇక్కణ్ణుంచి. దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్తే అక్కడున్నాయన పెట్టె మూత కూడా తీసి చూడకుండా "ఉడతకి వైద్యం ఏటండీ, చెట్టు కింద వదిలేసి వెళ్ళిపోండి" అన్నాడు. చెట్టు కింద వదిలేస్తే ఏమవుద్దో ఆయనకి తెలీదా? కాకులు కళ్ళు పొడుస్తాయి, లేదా పిల్లి లాక్కెళ్ళిపోద్ది, ఏదీ రాకపోయినా గంటలో చీమలు పట్టేస్తాయి, ప్రాణంతో ఉండగానే. ప్రాణుల మీద దయ చూపడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలో 51ఏ లో రాసుకున్నాం, 1976 నుంచీ ఉంది అది, అందులో పాలిచ్చే గేదెల మీద మాత్రమే అని ఎక్కడా లేదు. ఆయన మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు.

ఇంకో ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ డాక్టరు గారు చిన్నవాడే, కానీ పెట్టె చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఆ తోటల్లో ఎలకల మందు ఏమైనా పెట్టారా?" అని. నాకు చాలా నచ్చింది ఆ ప్రశ్న. మన దగ్గర కొబ్బరి చెట్టు మొవ్వలో ఎలకల కోసం బ్రోమోడయోలోన్ బిళ్ళలు పెట్టడం మామూలే కదా, అది తిన్న జంతువుకి రక్తం గడ్డకట్టదు, వెంటనే తెలీదు, కొన్ని రోజులకి నీరసపడి ముక్కులోంచీ చిగుళ్ళలోంచీ రక్తం కారుద్ది. అలా నీరసపడ్డదే బండికి అడ్డమొచ్చి ఉండొచ్చు. అదైతే విటమిన్ కె1 ఇవ్వాలి, ఒట్టి దెబ్బైతే వైద్యం వేరు. పైన గాయం కనిపించకుండా రక్తం వస్తున్న ఉడత ఎక్కడ దొరికినా ఈ సంగతి డాక్టరుకి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగకండి. తర్వాత వెనక కాళ్ళ వేళ్ళు మెల్లిగా నొక్కి చూశాడు, లాక్కుంది, అది మంచి గుర్తే. మందు బరువుని బట్టి ఇవ్వాలి, అక్కడున్న కాటా గొర్రెలకీ మేకలకీ, అందుకని పక్కన కిరాణా కొట్టు కాటా మీద పెట్టెతో తూచి ఖాళీ పెట్టె బరువు తీసేశాం. రోజంతా గేదెలకి సూదులేసే మనిషి ఒక చిన్న సిరంజిలో చుక్క మందు తీసుకుని అంత జాగ్రత్తగా లెక్క చూసుకుంటుంటే నాకు కళ్ళు చెమర్చాయండీ, దాచుకోవడం ఎందుకు. సాయంత్రానికి లేచి కూచుంది, మర్నాటికి పెట్టె గోకెయ్యడం మొదలెట్టింది, అక్కడే ఆ తోటలోనే వదిలాం. ఎక్కడ దొరికిందో అక్కడే వదలాలి, కొత్త చోట వదిలితే దానికి గూడు తెలీదు, తిండి తెలీదు, అక్కడున్న ఉడతలు తరిమేస్తాయి.

1962 కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తది, 2022 లో మొదలైంది, మంచి సర్వీసు. ఉడత కోసం ఆ బండి పంపించమని నేను అడగట్లేదు. ఆసుపత్రికి మేమే తెస్తాం, మూత తీసి చూడండి, అంతే. అటవీ శాఖకి చెప్పాలి కదా అంటారు కొందరు, చెప్పాలి నిజమే, కానీ కోరింగ వైపు మడ అడవులు తప్ప డెల్టా అంతా వరీ కొబ్బరీ చేపల చెరువులే అయిపోయిన చోట అడవి ఆఫీసు ఎక్కడుందో ఎంతమందికి తెలుసు? ప్రతి పశువుల ఆసుపత్రి గోడ మీద ఆ రేంజి ఆఫీసు ఫోన్ నంబరు రాసి పెట్టలేరా, దానికి పెద్ద ఖర్చేముంది.

ఇప్పుడు ఉడత పిల్లల సంగతి, ఇది మరీ ముఖ్యం. కొబ్బరి దింపులప్పుడు మొవ్వ శుభ్రం చేస్తుంటే పీచుతో కట్టుకున్న గూడు కింద పడిపోద్ది, అందులో రెండో మూడో పిల్లలు, వెంట్రుకలు కూడా రాకుండా గులాబీ రంగులో. చంటిపిల్లలో బడిపిల్లలో ఉన్న ఇంట్లో ఇంక చూడండి, దూదిలో పెట్టి ఆవు పాలు పట్టడం మొదలెడతారు. ఆవు పాలు వాటికి అరగవు, పొట్ట ఉబ్బుద్ది, విరేచనాలు, రెండ్రోజుల్లో పోతాయి. అప్పుడు "ఎంత చేసినా దక్కలేదు" అనుకుని బాధపడతారు. అసలు పెంచాల్సిన పనే లేదు, తల్లి పక్కనే ఉంటది! తల్లి ఉడతకి ఒక గూడే ఉండదు, ఇంకోటి కూడా కట్టుకునుంటది, పిల్లల్ని నోటితో కరుచుకుని ఒక్కొక్కదాన్నీ అక్కడికి మోసుకుపోద్ది. మనం చెయ్యాల్సింది ఏంటంటే ఆ గూటి పీచుతోనే ఒక బుట్టలో పెట్టి, చీమలెక్కకుండా అదే చెట్టుకి ఛాతీ ఎత్తులో కట్టి, కుక్కనీ పిల్లినీ కట్టేసి, మనం దూరంగా వెళ్ళిపోవడం. దూరంగా అంటే నిజంగా దూరంగా, వరండాలో నిలబడి తొంగి చూడటం కాదు. మనిషి వాసన తగిలితే తల్లి ముట్టుకోదన్నది ఉత్తమాట, ముట్టుకుంటది, తీసుకెళ్ళిపోద్ది. ఒళ్ళు చల్లబడిపోయుంటే ముందు వెచ్చబెట్టి అప్పుడు పెట్టండి, చల్లటి పిల్లని తల్లి వదిలేస్తది.

చీకటి పడేలోపు తల్లి రాకపోతేనే మన చేతిలోకి తీసుకోవాలి, రాత్రి బయట వదలకూడదు. అప్పుడు కూడా పాలు కాదు, డాక్టరుకి ఫోను. కుక్కపిల్లలకి వాడే పాలపొడి వాళ్ళే చెప్తారు, ఎంత పలచన, ఎన్ని గంటలకోసారి అని. పట్టేటప్పుడు మన పాపాయిల్లాగా వెల్లకిలా పడుకోబెట్టకండి, పొర్లిపోయి ముక్కులోకి పోద్ది, బోర్లా ఉంచి తల కాస్త ఎత్తి పట్టుకుని చుక్క చుక్కగా. ఇంకోటి చాలామందికి తెలీనిది, కళ్ళు తెరవని పిల్లలు వాటంతటవి ఒంటేలు పోసుకోలేవు, తల్లి నాకితేనే వస్తది. తల్లి లేనప్పుడు గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితో మనమే మెల్లిగా తుడవాలి, పాలు పట్టిన ప్రతిసారీ. ఇది తెలీక పొట్ట బిగిసిపోయి పోయినవి ఎన్నో.

పది వారాలకి గానీ తల్లి పాలు మానవు అవి, అంతకాలం సాకి అలవాటు చేసేసుకుని మెడకి రిబ్బను కట్టి రీల్స్ పెడుతున్నారే, వాళ్ళకి చెప్తున్నా, 1972 లోనే వన్యప్రాణి చట్టం వచ్చింది, అడవి జీవుల్ని కాపాడటమే దాని ఉద్దేశం, మన పెంపకానికి కాదు అవి. చట్టం సంగతి పక్కన పెట్టినా మనిషి భుజమెక్కడం నేర్చుకున్న ఉడత రేపు బయటికెళ్ళి పిల్లిని చూసి కూడా పారిపోదు.

పిల్లి అంటే గుర్తొచ్చింది. పిల్లి నోట్లోంచి లాక్కున్న ఉడత మీద గాయం కనపడకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే, అదే రోజు. పిల్లి పన్ను సూది మొన లాంటిది, పైన చుక్కంతే ఉంటది, లోపల చీము పట్టేస్తది, యాంటీబయాటిక్ పడకపోతే నిలవదు. దానికి పసుపు అద్దేసి వదిలెయ్యకండి. కాఫీ పొడి అసలే వద్దు, అది ఒంటి మీద పెట్టింది నాకేస్తది. మనుషులు వేసుకునే నొప్పి బిళ్ళ అరిగించి పోసినవాళ్ళని కూడా చూశా, దణ్ణం పెడతా, ఆ పని చెయ్యకండి.

కొరికితే రేబిస్ వస్తదా అని అందరూ అడుగుతారు. ఉడతల్లాంటి చిన్న జంతువుల్లో రేబిస్ చాలా చాలా అరుదు. అలాగని వదిలెయ్యమని కాదు, ఏ జంతువు కొరికినా సబ్బు పెట్టి కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగి, పీహెచ్‌సీకి వెళ్ళి చూపించుకోండి, టీటీయా ఇంకోటా అన్నది వాళ్ళు చెప్తారు. ఈ భయంతో ఉడతని రోడ్డు మీద వదిలేసి పోవాల్సిన పన్లేదు, మందపాటి తువ్వాలు ఉంటే చాలు.

రైతులు నా మీద కోప్పడతారని తెలుసు. మాదీ కొబ్బరి తోటే, మధ్యలో కోకో వేశాం, ఉడత కాయలు కొరికేస్తదని మా నాన్నగారు కూడా విసుక్కుంటారు. కానీ చూడండి, కోకో కాయ తొడిమ దగ్గర కొరికుంటే అది ఎలక, మధ్యలో గుండ్రంగా తొలిచుంటే ఉడత. మీ తోటలో రాలినవి ఏరి ఒకసారి విడదీసి చూసుకోండి, ఎవరి పనో తెలుస్తది. ఉడత ఎక్కువగా పండిన కాయకే వస్తది కాబట్టి పండింది పండినట్టు కోసేస్తుంటే నష్టం బాగా తగ్గుద్ది, మేం చేస్తున్నది అదే. కొబ్బరిలో ముచ్చిక దగ్గర చిల్లు పడి రాలే లేత కాయలైతే ఎక్కువ ఎలక పనే. ఉడత ఎన్ని పురుగుల్ని తింటదో, ఎన్ని గింజలు చల్లుద్దో ఎవరూ లెక్కేసుకోరు గానీ కొరికిన కాయ మాత్రం పట్టుకొచ్చి చూపిస్తారు.

కాబట్టి దింపు మనిషిని పిలిచే ప్రతి ఒక్కరికీ ఒకటే అడుగుతున్నా. ఎక్కే ముందే చెప్పండి, గూడు కనపడితే ఆ మట్ట కొట్టొద్దని, పొరపాటున పడితే పారెయ్యకుండా మీకు చెప్పమని. మొవ్వలో మందు బిళ్ళలు పెట్టించేవాళ్ళు ఉడత గూడు ఉన్న చెట్టు వదిలెయ్యండి. ధాన్యం ఆరబోసేవాళ్ళు రోడ్డు మలుపు దగ్గర కాకుండా బండివాళ్ళకి దూరం నుంచి కనపడే చోట పొయ్యండి, అది మనుషులకీ మంచిదే, రాత్రిపూట ఆ రాసుల మీద జారి పడ్డ బండ్లు ఎన్ని చూడలేదు మనం. బండ్లలో తిరిగేవాళ్ళు డిక్కీలో ఒక పాత తువ్వాలు, మడతపెట్టిన అట్టపెట్టె ఒకటి పడేసుకోండి. అంబాజీపేట, ముమ్మిడివరం, పి.గన్నవరం చుట్టుపక్కల చిన్న జంతువుల్ని మూత తీసి చూసే డాక్టర్లు మీకెవరైనా తెలిస్తే ఊరి పేరు కింద రాయండి, నేను అన్నీ కలిపి ఒక చోట పెడతా.