దాడి చేయడం షియోంగ్నుల స్వభావమా?

చైనాకు ఉత్తరాన గడ్డి మైదానాల్లో బతికిన సంచార జాతి షియోంగ్నులు కాలం బాగున్నప్పుడు పశువులు మేపుకుంటారని, ఇబ్బంది వస్తే దండెత్తుతారని, అది వారి పుట్టుకతో వచ్చిన గుణమని హాన్ వంశ కాలపు చైనా చరిత్రకారుడు సిమా చియెన్ తన చరిత్ర గ్రంథం 'షిజీ' 110వ అధ్యాయంలో రాశారు. క్రీస్తుపూర్వం 100 ప్రాంతంలో రాసిన ఆ మాట తర్వాతి చైనా చరిత్రకారులకు ప్రమాణమైంది. షియోంగ్నులు తమ చరిత్రను తాము రాసి ఉంచలేదు కనుక దానికి ఎదురు చెప్పేవారు లేకపోయారు.

అయితే ఆ తీర్పును కాదనే ఆధారాలు అదే అధ్యాయంలో ఉన్నాయి. హాన్ చక్రవర్తి చింగ్ కాలంలో (క్రీ.పూ. 157–141) సరిహద్దు సంతలు తెరిచి, కానుకలు పంపి, రాకుమార్తెను ఇచ్చి పెళ్లి చేశాక చిన్నాచితకా చొరబాట్లే తప్ప పెద్ద దండయాత్ర జరగలేదని ఆయనే నమోదు చేశారు. క్రీ.పూ. 133లో మాయి పట్టణం దగ్గర మాటువేసి షియోంగ్ను పాలకుణ్ణి మట్టుపెట్టాలని చూసింది హాన్ సైన్యం. ఆ తర్వాతే సరిహద్దు మళ్లీ రగిలింది. సంతలు తెరిస్తే తగ్గి, నమ్మకద్రోహం జరిగితే పెరిగే దాడులు రాజకీయమవుతాయి గానీ జాతి లక్షణం ఎలా అవుతాయి?

వ్యవసాయం విషయమూ అంతే. వారికి కోటలు, సాగు లేవన్న సిమా చియెనే, క్రీ.పూ. 119లో సేనాని వెయ్ చింగ్ ఝావో షిన్ కోటలో షియోంగ్నులు నిల్వచేసిన ధాన్యంతో తన సైన్యానికి తిండి పెట్టాడని మరోచోట రాశారు. బైకాల్ సరస్సుకు ఆవల ఇవోల్గా తవ్వకాల్లో మట్టికట్టలు, కందకాల నడుమ ఇళ్లు, సేద్యపు పనిముట్లు బయటపడ్డాయి.

అలాగని సిమా చియెన్‌ను పక్షపాతి అని తోసిపుచ్చడం సరికాదు. షియోంగ్నులు ముసలివారిని చిన్నచూపు చూస్తారని హాన్ రాయబారి నిందించినప్పుడు, అటువైపు చేరిపోయిన అంతఃపుర సేవకుడు జోంగ్‌హాంగ్ యూయె ఇచ్చిన జవాబును ఆయన వివరంగా పొందుపరిచారు: మీ ఇంట్లో కొడుకు సరిహద్దు కాపలాకు బయల్దేరితే తల్లిదండ్రులు తమ వెచ్చని బట్టలు, మంచి తిండి అతనికి ఇవ్వరా? రాయబారి అవునని ఒప్పుకోక తప్పలేదు. షియోంగ్నులకు లొంగిపోయిన సేనాని లీ లింగ్‌ను సమర్థించి పుంస్త్వం తీసివేసే శిక్షకు గురైన రచయిత, శత్రుపక్షపు వాదనకు ఇంత చోటు ఊరికే ఇచ్చి ఉండరని నా నమ్మకం.

దాదాపు రెండు శతాబ్దాల తర్వాత హాన్ వంశ చరిత్ర 'హాన్‌షు' రాసిన బాన్ గూలో ఈ తటపటాయింపు కనిపించదు. మనిషి ముఖం, మృగం మనసు కలవారని ఆయన తేల్చేశారు. క్రీ.శ. 89లో హాన్ సేనాని డౌ షియెన్ సైన్యం వెంట ఉత్తర షియోంగ్నుల మీదికి వెళ్లి విజయశాసనం కూర్చినదీ ఆయనే. మంగోలియాలోని ఒక కొండరాతిపై ఉన్నది ఆ శాసనమేనని 2017లో నిర్ధారణ అయింది. యుద్ధంలో పాల్గొన్న మనిషి శత్రువు గురించి ఇచ్చిన తీర్పును తటస్థ చరిత్రగా తీసుకోలేం.

సంచార జాతుల సొంత గొంతు మనకు స్పష్టంగా వినిపించేది 8వ శతాబ్దంలో, మంగోలియాలోని ఓర్ఖాన్ లోయలో తుర్కులు చెక్కించిన శాసనాలలో. తుర్కు రాకుమారుడు కుల్ తెగిన్ స్మారకంగా 732లో నిలిపిన శాసనం, చైనావారు తీయని మాటలతో, మెత్తని పట్టుతో దూరపు ప్రజలను దగ్గరకు లాగి ఆపై కీడు తలపెడతారని హెచ్చరిస్తుంది. అదే రాతికి మరోవైపు, చైనా టాంగ్ వంశ చక్రవర్తి షువాన్‌జోంగ్ పేరున చైనా భాషలో చెక్కిన పాఠం ఇరుపక్షాల బంధుత్వాన్ని కొనియాడుతుంది.