‘గోకకు’ అనేవాళ్ళకు ఒక దండం

“గోకకురా, పుండైతది.”

మా అమ్మ ఈ మాట అనని రోజు లేదు. అడ్తి దుకాణంలో సేటు అంటాడు, బస్సులో పక్క సీటాయన కూడా అంటాడు. గోకితే పుండవుతుందని నాకు తెల్వదా? రాత్రి రెండింటికి మెడ, వీపు, మోకాళ్ళ వెనక అంతా ఒక్కసారే దూల లేస్తే తెలివి పనిచేయదు. సగంసార్లు నిద్రలోనే గోక్కుంటాను. పొద్దున దుప్పటి మీద రక్తపు మరకలు చూస్తే గానీ తెలియదు.

నాది ఒంటినిండా ఎగ్జిమా. గజ్జి కాదు, అంటుకోదు. (షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి జంకేవాళ్ళ కోసం చెప్తున్నా.) ఎనుమాముల మార్కెట్లో గుమస్తాను. మిర్చి సీజన్లో బస్తా కదిలితే చాలు, లేచిన దుమ్ము చమట పట్టిన మెడ మీద పడి భగ్గుమంటుంది. పని మానెయ్యమంటారు. మానితే మందులకు పైసలు ఎవరిస్తారు?

నా అసలు కోపం మెడికల్ షాపుల మీద. “అన్నా, దురద” అంటే చాలు, చర్మం చూడకుండానే ట్యూబు చేతిలో పెడతారు. అందులో క్లోబెటాసోల్ అనే చాలా బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపి కొడతారు. రెండ్రోజుల్లో దురద మాయం! ముఖంతో సహా ఏడాది రాశాను. చర్మం ఉల్లిపొరలా అయింది, చంకల దగ్గర చారలు పడ్డాయి, మానేస్తే మంట రెట్టింపైంది. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకుండా 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగిన షాపు నాకైతే ఇంకా తగల్లేదు.

ఆ భయంతో స్టెరాయిడ్ మొత్తానికే బంద్ చేసి ఇంకో తప్పు చేశాను. వేపాకు నీళ్ళు, పసుపు, ఘాటు సబ్బు, పగిలిన చర్మం మీద ఒక్కోటీ ఒక్కో నరకం. ఏడాది పాటు వంకాయ ముట్టలేదు. దురద ఇసుమంత తగ్గలేదు, గుత్తి వంకాయ మాత్రం పోయింది. అలర్జీ మాత్రలు వేస్తే నిద్రొచ్చింది గానీ దూల పోలేదు. ఆ మాత్రలు అడ్డుకునేది హిస్టమిన్ అనే రసాయనాన్నట, ఎగ్జిమా దురదలో దాని పాత్ర తక్కువని తర్వాత తెలిసింది.

చివరికి హనుమకొండలో స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. నా మాయిశ్చరైజర్ ట్యూబు చూసి, “ఇది ఎన్ని రోజులొస్తది?” అని అడిగింది. నెల అన్నాను. అది 50 గ్రాములది. ఒళ్ళంతా ఎగ్జిమా ఉన్న పెద్దవాళ్ళకు వారానికే పావు కిలో నుంచి అరకిలో దాకా పట్టొచ్చంది. అంటే నేను ఇన్నేళ్ళూ గోడకు సున్నం బొట్లు పెడుతున్నానన్నమాట!

ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళతో పది నిమిషాల లోపే స్నానం. రుద్దకుండా తువ్వాలతో అద్ది, తడి ఆరకముందే పూత. పగలు మాయిశ్చరైజర్ క్రీము, రాత్రి మామూలు పెట్రోలియం జెల్లీ. ఎర్రబడ్డ చోట, ఎర్రగా ఉన్నన్నాళ్ళే, ఆమె రాసిన స్టెరాయిడ్. చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే వేళ్ళతో కలిపి రెండు అరచేతులంత జాగాకు సరిపోతుంది. ముఖానికి టాక్రోలిమస్ అనే, స్టెరాయిడ్ కాని పూత మందు. అది మొదటి వారం మండింది, ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు.

బాగా రేగిన రాత్రి ఆమె చెప్పినట్టు క్రీము పూసి, తడి కాటన్ బనియన్ వేసుకుని, దానిపైన పొడిది వేసుకుంటాను. మే నెలలో అదే నా ఏసీ. ఒక్క జాగ్రత్త: జెల్లీ పీల్చిన బట్టలు తొందరగా అంటుకుంటాయి, వాటితో పొయ్యి దగ్గరికి పోవద్దు.

పూర్తిగా పోయిందా అంటే పోలేదు. నిన్న రాత్రి మోచేతి మడతలో మళ్ళీ మొదలైంది. అమ్మ చూసింది. గోకకు అనలేదు. జెల్లీ డబ్బా మూత తీసి నా ముందుకు జరిపి, మళ్ళీ టీవీ చూసుకుంది.