కంచు మందలో ఆ ముగ్గురు ఎవరో చెప్పలేదేం?

వ్యాసం బాగుందండీ, కానీ అమెరికాలోని డల్లాస్‌లో పయనీర్ ప్లాజా పార్కులో శిల్పి రాబర్ట్ సమర్స్ చేసిన 49 కంచు లాంగ్‌హార్న్ (పొడవు కొమ్ముల టెక్సస్ జాతి) ఎద్దుల గురించి అంత రాసి, వాటిని తోలే ముగ్గురు రౌతుల్లో ఒకరు నల్లజాతి మనిషి, ఇంకొకరు మెక్సికన్ వకేరో (గుర్రం మీద పశువుల్ని తోలేవాడు) అన్న సంగతి ఎలా వదిలేశారో అర్థం కాలేదు. అసలు తాడు విసిరి పశువును పట్టడం దగ్గర్నుంచి చాలా కౌబాయ్ పనితనం మెక్సికన్ల నుంచే వచ్చింది కదా! కౌబాయ్ సినిమాల్లో మాత్రం అందరూ తెల్లవాళ్లే. గుట్ట దిగి వాగులోకి కాలు పెట్టే ఎద్దులున్న చోట కాసేపు నిలబడి చూడండి, మంద నిజంగా కదులుతున్నట్టే ఉంటుంది. అన్నట్టు ఎండాకాలం మధ్యాహ్నం పిల్లల్ని వాటి మీద ఎక్కించకండి, కంచు చుర్రుమంటుంది. ప్రాణమున్న లాంగ్‌హార్న్‌లే కావాలంటే పక్కనే ఫోర్ట్‌వర్త్ ఊళ్లోని స్టాక్‌యార్డ్స్‌కి (పాత పశువుల సంత) వెళ్లండి, రోజూ రెండుసార్లు వీధిలో తోలుకెళ్తారు.