‘సహజ’ పిల్లల డాక్టర్‌కి ఐదు గుర్తులట: ఆ మెసేజ్‌లో ఏది నిజం, ఏది ప్రమాదం

కొత్తగా తల్లిదండ్రులవుతున్న వాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా చెల్లికి ఏడో నెల వచ్చేసరికి ముగ్గురు పంపారు. “బిడ్డను సహజంగా పెంచుకోవాలనుకుంటున్నారా? ఈ ఐదు గుర్తులున్న డాక్టర్ దగ్గరికే వెళ్లండి” అని మొదలవుతుంది. టీకాలు ఆలస్యం చేయడానికి ఒప్పుకోవాలట. యాంటీబయాటిక్ ఎప్పుడూ రాయకూడదట. జ్వరానికి మందు ఇవ్వకూడదట. మూలికలకు, హోమియో మందులకు అడ్డు చెప్పకూడదట. చివరిగా, తల్లిదండ్రులు ఏది కోరితే దానికి సరే అనాలట.

దీన్ని చూసి నాకు కోపం కంటే దిగులు ఎక్కువ వేసింది. ఎందుకంటే ఆ మెసేజ్ వెనకున్న బాధ నాకు తెలుసు. మా బాబుకి ఎనిమిది నెలలప్పుడు జలుబని ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. నేను చెప్పడం పూర్తవకముందే చీటీ మీద నాలుగు మందులు రాసేశారు. “ఇవన్నీ అవసరమేనా అండీ?” అని అడిగితే “డాక్టర్ నేనా, మీరా?” అన్నారు. ఆ రాత్రి నాకూ ఇలాంటి మెసేజే దొరికుంటే పట్టుకుని వేలాడేదాన్నేమో. మన మాట వినే డాక్టర్ కావాలనుకోవడం తప్పు కాదు, అది మన హక్కు. కానీ ఆ హక్కును ఈ ఐదు గుర్తులు తప్పుదారి పట్టిస్తున్నాయి.

యాంటీబయాటిక్ సంగతి ముందు చూద్దాం. సగం నిజం ఉన్నది ఇందులోనే. జలుబులన్నీ, దగ్గుల్లో చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే. యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద, వైరస్‌ని అది ఏమీ చేయలేదు. అనవసరంగా వాడితే బిడ్డకు విరేచనాలు పట్టుకోవచ్చు, ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, రేపు నిజంగా అవసరమైన రోజున ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా తయారై కూర్చుంటుంది. కాబట్టి తక్కువ రాసే డాక్టర్ మంచి గుర్తే. ‘ఎప్పుడూ రాయని’ డాక్టర్ మాత్రం భయపడాల్సిన గుర్తు. బ్యాక్టీరియా వల్ల వచ్చిన మెదడు పొరల వాపు, రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్, పసిపిల్లల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్, ఇవి కషాయంతో తగ్గవు. మొదటి రెండిటిలో ఆలస్యమైన ప్రతి గంటా బిడ్డ ప్రాణం మీదికే తెస్తుంది.

మంచి డాక్టర్ ఈ రెండిటి మధ్య ఎలా నడుస్తారో నేను దగ్గర్నుంచి చూశాను. బాబుకి రెండున్నరేళ్లప్పుడు ఒక రాత్రంతా చెవి పట్టుకుని ఏడ్చాడు. పొద్దున్నే వెళ్లాం, అప్పటికి వేరే డాక్టర్‌కి మారాం. ఆవిడ స్టెతస్కోప్‌ని అరచేతిలో వెచ్చజేసుకుని, వాణ్ణి నా ఒళ్లోనే ఉంచి చూశారు. చెవిలోకి లైటు వేసే ముందు నా చెవిలో వేసి వాడికి చూపించారు. అంతా అయ్యాక “చూడమ్మా, ఒక చెవే, జ్వరం కూడా పెద్దగా లేదు. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వండి. రెండు రోజులు చూద్దాం” అన్నారు. యాంటీబయాటిక్ కూడా రాసి, దాని పక్కన ‘48 గంటల్లో తగ్గకపోతేనే కొనండి’ అని గీత గీసి ఇచ్చారు. ఏం కనిపిస్తే ఆగకుండా రావాలో కూడా చెప్పారు: జ్వరం పెరగడం, చెవి వెనక వాపు, మెడ బిగుసుకోవడం, మగతగా పడి ఉండడం. రెండో రోజు సాయంత్రానికి వాడు ఆటల్లో పడ్డాడు. ఆ మందు కొనలేదు.

ఇది ఆవిడ సొంత పద్ధతి అనుకునేదాన్ని. కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది: ఆరు నెలలు దాటిన బిడ్డకు ఒక చెవిలోనే, తీవ్రంగా లేని ఇన్ఫెక్షన్ అయితే తల్లిదండ్రులతో మాట్లాడి 48 నుంచి 72 గంటలు కనిపెట్టి ఉండవచ్చు. ఆరు నెలల్లోపు పసివాళ్లకు ఈ ఆగడం వర్తించదు. ఓపిగ్గా ఆగడం కూడా వైద్యంలో భాగమే, దానికోసం వైద్యాన్ని వదిలి బయటికి పోనక్కర్లేదు.

ఇక టీకాలు. “ఆ లేత ఒంటికి ఒకేసారి ఇన్ని ఎందుకు, ఏడాది నిండాక చూద్దాం” అంటుంది మెసేజ్. వినడానికి ప్రేమగానే ఉంటుంది. కానీ కోరింత దగ్గు ఏడాది దాకా ఆగదు. నెలల పసికందుకు అది సోకితే పెద్దవాళ్లలా ఖంగుఖంగుమని దగ్గదు. చాలాసార్లు దగ్గే ఉండదు. ఊపిరి ఆగిపోతుంది, ముఖం నీలంగా మారుతుంది, అంతే. అందుకే ఆ టీకా మొదటి డోసు ఆరు నుంచి ఎనిమిది వారాలకే పెట్టారు. ఆలస్యం చేస్తే, ఆ జబ్బు ఎక్కువగా ప్రాణం తీసే నెలల్లోనే బిడ్డకు టీకా రక్షణ ఉండదు.

లేత ఒళ్లు తట్టుకోలేదన్న మాటా నిలబడదు. పుట్టిన క్షణం నుంచి బిడ్డ ఒళ్లు వేల రకాల సూక్ష్మజీవులతో తలపడుతూనే ఉంటుంది. మన తాతల కాలంలో వేసిన మశూచి టీకా ఒక్కదానిలోనే దాదాపు 200 రకాల ప్రోటీన్లు ఉండేవి. ఇప్పుడు వేసే హెపటైటిస్-బి టీకాలో సాధారణంగా ఉండేది ఒక్కటి. సూదుల సంఖ్య పెరిగింది నిజమే, సూదిలో ఉన్నది శుభ్రపడింది.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. తట్టు టీకా వేశాక ఒకటి రెండు వారాల్లో వచ్చే జ్వరంతో చాలా కొద్దిమంది పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఆ అవకాశం 12 నుంచి 15 నెలల మధ్య వేయించుకున్న వాళ్లకంటే 16 నుంచి 23 నెలల మధ్య వేయించుకున్న వాళ్లలోనే ఎక్కువని అమెరికాలో చేసిన అధ్యయనాల్లో తేలింది. అంటే జాగ్రత్త అనుకుని చేసే ఆలస్యమే ముప్పు పెంచుతోంది. తట్టు టీకా కలిసిన ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం వస్తుందన్న భయానికి మూలమైన 1998 నాటి పరిశోధన 12 మంది పిల్లల మీద చేసింది. దాన్ని అచ్చేసిన ‘లాన్సెట్’ వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, రాసిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేరును అదే ఏడాది బ్రిటన్ వైద్యుల రిజిస్టర్ నుంచి తీసేశారు.

టీకా రోజున తల్లిదండ్రులు అడగాల్సినవి వేరే ఉన్నాయి, గట్టిగా అడగండి. సూది వేసేటప్పుడు బిడ్డకు పాలు పట్టనివ్వమనండి. బల్ల మీద పడుకోబెట్టి పట్టుకోకుండా ఒళ్లో ఉంచుకోనివ్వమనండి. ఎక్కువ నొప్పి పెట్టే సూదిని చివర్లో వేయమనండి. నొప్పి తగ్గించడానికి ఇవన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినవే. వీటికి చిరాకుపడే డాక్టర్‌ని మార్చినా తప్పులేదు.

జ్వరం గురించి పెద్దగా వాదన లేదు. జ్వరం శత్రువు కాదు, అంకె చూసి టెన్షన్ పడి మందు పోయనక్కర్లేదు, బిడ్డ హుషారుగా ఆడుకుంటుంటే వదిలేయొచ్చు. నీరసంగా, నొప్పితో ఉంటే బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వడంలో అసహజం ఏమీ లేదు. మెసేజ్‌లో ఘోరం ఏమిటంటే, మూడు నెలలు నిండని బిడ్డ గురించి ఒక్క ముక్క లేదు. ఆ వయసులో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

‘సహజమైనవి హాని చేయవు’ అన్నది అన్నిటికంటే సులభంగా నమ్మే మాట. తేనె సహజమే. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి దగ్గును కొంత తగ్గిస్తుంది కూడా. ఏడాదిలోపు బిడ్డకు మాత్రం చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండగల బోట్యులిజం బ్యాక్టీరియా బీజాలు ఆ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. పళ్లు వచ్చేటప్పుడు ఇచ్చే కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క సారం ఒక్కో మాత్రలో ఒక్కో మోతాదులో, కొన్నిట్లో లేబుల్ మీద రాసినదానికంటే చాలా ఎక్కువ ఉందని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చింది. ఇంకోవైపు, అసలైన సాదా మందును నెత్తిన పెట్టుకున్నది ఆధునిక వైద్యమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ బాటిళ్లు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగుల చేత ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణం తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకి పడిపోయాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని ఇవాళ ప్రతి పిల్లల డాక్టరూ రాస్తున్నారంటే అది పనిచేస్తుందని తేలింది కాబట్టే.

చివరిగా, అన్నిటికీ సరే అనే డాక్టర్. పుట్టగానే బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టడం, బొడ్డుతాడు కత్తిరించే ముందు కనీసం ఒక నిమిషం ఆగడం, ఆరు నెలలు తల్లిపాలే పట్టడం, ఇవి కోరండి. ఆధారాలన్నీ మీ పక్షానే ఉన్నాయి. విటమిన్ కె ఇంజెక్షన్ వద్దంటే మాత్రం డాక్టర్ సరే అనకూడదు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఆ విటమిన్ పుట్టిన బిడ్డ ఒంట్లో చాలా తక్కువ, తల్లిపాలలోనూ అంతంతే. అది అందక మెదడులో రక్తస్రావమైతే ముందుగా ఏ హెచ్చరికా కనిపించకపోవచ్చు. అక్కడ తలూపే డాక్టర్ మిమ్మల్ని గౌరవించినట్టు కాదు, మీతో మాట్లాడే ఓపిక లేనట్టు.

మా చెల్లి కాన్పుకి ముందే ఇద్దరు పిల్లల డాక్టర్లను కలిసింది. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగింది: “నేను వద్దన్నది మీకు అవసరం అనిపిస్తే ఏం చేస్తారండీ?” మొదటాయన “మీ ఇష్టమమ్మా, మీ బిడ్డ” అన్నారు. రెండో ఆవిడ పెన్ను పక్కన పెట్టి “ఎందుకు వద్దంటున్నావో ముందు అడుగుతాను. నాకు తెలిసింది చెబుతాను. అప్పటికీ వద్దంటే, మళ్లీ రమ్మని మళ్లీ చెబుతాను” అన్నారు. చెల్లి రెండో ఆవిడ దగ్గరే ఫైలు తెరిపించింది.